పర్ఫెక్ట్ టెన్స్ ఎక్కడ తడబడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

హనుమకొండలో బ్యాంకు పరీక్షలకూ ఉద్యోగ ఇంటర్వ్యూలకూ సిద్ధమయ్యే యువతలో చాలామందికి పన్నెండు టెన్స్‌ల పట్టిక కంఠస్థం. ‘హ్యావ్’ తర్వాత వీ త్రీ, అంటే క్రియ మూడో రూపం (సీన్, గాన్ వంటివి) రావాలని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అయినా మాట్లాడటం మొదలుపెట్టగానే వాక్యం దారి తప్పుతుంది. రూపం వాళ్లకు తెలుసు. దాన్ని ఎప్పుడు వాడాలో మాత్రం ఆ పట్టికలో ఉండదు. అందుకే పట్టికను పక్కన పెట్టి, రోజూ వినిపించే తప్పుల నుంచే మొదలుపెడుతున్నాను. వాక్యాలను పైకి చదువుతూ వెళ్లండి. తప్పు కంటికన్నా ముందు చెవికే దొరుకుతుంది.

సమస్య: ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022’

ఇంటర్వ్యూలో పరిచయం చేసుకునేటప్పుడు తరచుగా దొర్లే వాక్యం ఇది. ‘యెస్టర్‌డే ఐ హ్యావ్ సీన్ హిమ్’, ‘వెన్ హ్యావ్ యూ కమ్ ఫ్రమ్ కరీంనగర్?’ కూడా ఇదే కోవకు చెందుతాయి.

కారణం: తెలుగులో ‘పూర్తి చేశాను’ అనే ఒక్క క్రియ రెండు పనులు చేస్తుంది. ఫలానా ఏడాది చదువు ముగిసిందని చెప్పడానికీ అదే, ఇప్పుడు నా దగ్గర డిగ్రీ ఉందని చెప్పడానికీ అదే. ఇంగ్లిష్‌లో ఈ రెండూ వేర్వేరు. ఎప్పుడు జరిగిందో చెబుతుంటే సింపుల్ పాస్ట్ వాడాలి. జరిగినదానికి ఇప్పటితో ఉన్న సంబంధం చెబుతుంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలి. దాని పేరులో ‘ప్రెజెంట్’ ఉన్నది అందుకే. దీనికి తోడు, ‘హ్యావ్’ చేర్చితే వాక్యానికి హుందాతనం వస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఆ నమ్మకాన్ని ముందుగా వదులుకోవాలి.

పరిష్కారం: వాక్యంలో ముగిసిపోయిన కాలం ఉందేమో వెతకండి. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ అగో, ఇన్ 2022 వంటివి కనిపిస్తే ‘హ్యావ్’ తీసేయండి. ‘ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022’ సరైన వాక్యం. ఏడాది చెప్పే అవసరం లేకపోతే ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్’ అనండి. ‘వెన్’ కూడా జరిగిన సమయాన్నే అడుగుతుంది కాబట్టి ‘వెన్ డిడ్ యూ కమ్?’ అనాలి.

పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ‘రామప్ప టెంపుల్ బికేమ్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ ఇన్ 2021’ అంటే చరిత్ర చెప్పినట్టు. ‘రామప్ప టెంపుల్ హ్యాజ్ బికమ్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్’ అంటే ఇప్పుడు దానికి ఆ హోదా ఉందని చెప్పినట్టు. రెండూ ఒప్పే. ‘హ్యాజ్ బికమ్’ పక్కన 2021 చేర్చితేనే తప్పు.

‘దిస్ మార్నింగ్’ దగ్గర మాత్రం గడియారం చూసుకోవాలి. ఉదయం పదింటికి ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ దిస్ మార్నింగ్’ అనవచ్చు. సాయంత్రానికి ఆ ఉదయం ముగిసిపోయింది కనుక ‘ఐ సా హిమ్ దిస్ మార్నింగ్’ అనాలి. మనుషుల విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. కాళోజీ 2002లో మరణించారు కాబట్టి ‘కాళోజీ రోట్ మెనీ పోయెమ్స్’ అంటాం. ఇప్పటికీ రాస్తున్న కవి గురించి అయితే ‘హ్యాజ్ రిటెన్’ అంటాం, ఆయన ఇంకా రాయవచ్చు కదా.

సమస్య: ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’

ఇందులో రెండు తప్పులున్నాయి, రెండూ తెలుగు నుంచి వచ్చినవే. ‘రెండేళ్ల నుంచి పని చేస్తున్నాను’ అనే అలవాటు వల్ల ‘యామ్ వర్కింగ్’ వచ్చింది. ‘2019 నుంచి’, ‘రెండేళ్ల నుంచి’ అని రెండుచోట్లా ‘నుంచి’ వాడతాం కాబట్టి రెండింటికీ ‘సిన్స్’ వచ్చింది.

పరిష్కారం: పని వెనక మొదలై ఇప్పటికీ సాగుతుంటే ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అనాలి. మొదలైన సమయం చెబితే ‘సిన్స్ 2019’, ఎంతకాలమో చెబితే ‘ఫర్ టూ ఇయర్స్’. అయితే తెలియడం (నో), మన దగ్గర ఒకటి ఉండటం (హ్యావ్) వంటి స్థితులను చెప్పే క్రియలకు ఇక్కడ ‘ఇంగ్’ చేర్చకూడదు. ‘ఐ హ్యావ్ బీన్ నోయింగ్ హిమ్’ కాదు, ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’.

గోదావరిఖని, మందమర్రి వంటి ఊళ్ల నుంచి వచ్చేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ‘మై ఫాదర్ హ్యాజ్ వర్క్‌డ్ ఇన్ సింగరేణి ఫర్ థర్టీ ఇయర్స్’ అంటే నాన్న ఇప్పటికీ గనిలో పని చేస్తున్నారనే అవతలివారు అనుకుంటారు. ‘మై ఫాదర్ వర్క్‌డ్ ఇన్ సింగరేణి ఫర్ థర్టీ ఇయర్స్’ అంటే ఆ ఉద్యోగం ముగిసింది. తేడా ఒక్క ‘హ్యాజ్’. వ్యాకరణం ప్రకారం రెండూ సరైనవే కాబట్టి ఎవరూ దిద్దరు. తర్వాతి ప్రశ్న మాత్రం తప్పుడు సమాచారం మీద ఆధారపడి వస్తుంది. మార్కులు పోయే తప్పులకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇలాంటి పొరపాటే.

సమస్య: ‘యెస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు హైదరాబాద్’

కారణం: గతం కొంచెం పాతబడితే ‘హ్యాడ్’ వాడాలన్న అపోహ. నిజానికి ఎంత పాతదైనా ఒక్క సంఘటనే ఉంటే ‘ఐ వెంట్’ సరిపోతుంది. గతంలోని ఒక క్షణం దగ్గర నిలబడి, అంతకు ముందే జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడే ‘హ్యాడ్’ కావాలి.

‘వెన్ వుయ్ రీచ్డ్ కాజీపేట, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే రైలు మనకు అందలేదు. ‘వెన్ వుయ్ రీచ్డ్ కాజీపేట, ద ట్రైన్ లెఫ్ట్’ అంటే మనం చేరాకే అది కదిలిందన్న అర్థం వస్తుంది. ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ ఉన్న వాక్యాల్లో ఏది ముందో ఆ మాటే చెప్పేస్తుంది కాబట్టి ‘హ్యాడ్’ లేకున్నా చాలాసార్లు ఇబ్బంది ఉండదు.

సమస్య: తిరిగి వచ్చిన మనిషి గురించి ‘హీ హ్యాజ్ గాన్ టు మేడారం’

‘గాన్’ అంటే వెళ్లాడు, ఇంకా రాలేదు. వెళ్లి వచ్చిన అనుభవం చెప్పాలంటే ‘హీ హ్యాజ్ బీన్ టు మేడారం’ అనండి. మొదటిసారి జాతరకు వచ్చి ‘దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ యామ్ కమింగ్’ అనేవారున్నారు. అక్కడ ‘ఐ హ్యావ్ కమ్’ అనాలి.

సమస్య: నేర్చుకున్నది ఒకటి, వినిపించేది మరొకటి

దీనికి రెండు కారణాలుండవచ్చు. మాటల్లో ‘ఐ హ్యావ్’ కుదించుకుపోయి ‘ఐవ్’ అవుతుంది. వేగంగా మాట్లాడితే ఆ చివరి శబ్దం చెవికి అందదు. ‘ఐ సీన్’ అన్నట్టు వినిపించినా అక్కడ ‘హ్యావ్’ ఉండే అవకాశమే ఎక్కువ. రెండోది, అమెరికాలో ‘జస్ట్’, ‘ఆల్రెడీ’, ‘యెట్’ పక్కన సింపుల్ పాస్ట్ కూడా మామూలే. ‘ఐ జస్ట్ ఏట్’, ‘డిడ్ యూ ఈట్ యెట్?’ వాళ్ల దగ్గర తప్పులు కావు. బ్రిటిష్ పద్ధతిలో ఇవి ‘ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్’, ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ అవుతాయి. మన పాఠ్యపుస్తకాలు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతిలోనే నడుస్తాయి కనుక పరీక్షలో ఈ మూడు మాటల్లో ఏది కనిపించినా ముందుగా ‘హ్యావ్’ ఉన్న జవాబును పరిశీలించండి. అమెరికాలో ఉన్న అక్కయ్యతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు రెండు రూపాల్లో ఏదైనా పరవాలేదు.