క్లచ్ పోయిందా, గేర్‌బాక్స్ పోయిందా? విప్పించే ముందు ఇలా చూసుకోండి

మా కోనసీమలో నేలంతా బల్లపరుపు. అందుకే కారు క్లచ్ జారడం (ఇంజిన్ తిరుగుతున్నా ఆ బలం చక్రాలకి పూర్తిగా అందకపోవడం) మొదలైనా చాలాకాలం తెలీదు. ఇక్కడ ఎక్కుడంటే వంతెనలూ ఏటిగట్లూ, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) మీదికి కారు ఎక్కించే వాలూ. ఆ చోట్లే అసలు సంగతి బయటపెడతాయి. ఒకసారి గేర్లు పడటం లేదని మా కారు గేర్‌బాక్స్ దింపించాం. తీరా చూస్తే తప్పు క్లచ్ కేబుల్‌ది. ఆ కూలి డబ్బు ఇప్పటికీ గుర్తొస్తుంది. మీకు అలా జరగకూడదు.

ముందు పెడల్ చూడండి. ఇంజిన్ ఆపి క్లచ్ పెడల్‌ని చేత్తో నొక్కండి. కేబుల్ క్లచ్ ఉన్న చాలా కార్లలో మొదట కాస్త వదులు ఉండాలి. ఎంతన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వదులు బొత్తిగా లేకపోతే క్లచ్ జారుతుంది, మరీ ఎక్కువైతే పెడల్ తొక్కినా పూర్తిగా విడదు, అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ లంకె తెగదు. ఆయిల్‌తో పనిచేసే క్లచ్ అయితే బానెట్ ఎత్తి డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. చాలా కార్లలో బ్రేకుకీ దీనికీ డబ్బా ఒకటే. పెడల్ రెండుమూడుసార్లు గబగబా తొక్కితేనే గేరు పడుతోందంటే లైనులో గాలైనా చేరుండాలి, సిలిండర్ సీలైనా పోయుండాలి. దీనికి గేర్‌బాక్స్ దింపనక్కర్లేకుండానే పని అయిపోవచ్చు.

జారుతోందా? వెనక బండి లేనప్పుడు, చించినాడ వంతెన లాంటి ఎక్కుడు మీద 4వ గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. మాడు వాసన కూడా వస్తే ఇక ఆలస్యం వద్దు. పంటు ఎక్కేటప్పుడు, ఇరుకు కాలవగట్టు మీద ఎదురుబండికి దారి ఇచ్చేటప్పుడు హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం తొక్కి బండిని నిలబెట్టే అలవాటే మన వైపు క్లచ్ ప్లేట్లను ఎక్కువగా తినేస్తుందని నా నమ్మకం. అలాంటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వాడండి.

విడటం లేదా? అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇది. ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి, తర్వాత స్టార్ట్ చేసి వేయండి. ఆపినప్పుడు సులువుగా పడి, నడుస్తున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ సరిగా విడటం లేదు. రెండుసార్లూ గట్టిగానే ఉంటే గేరు రాడ్డు దగ్గర్నుంచి వెళ్లే కేబుళ్లనీ, ఆ తర్వాతే గేర్‌బాక్స్‌నీ అనుమానించాలి. ఇంకొకటి: న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి 4 సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గర్రుమంటే తప్పు క్లచ్‌దే. ఆగకుండా వేసినప్పుడు మాత్రమే గర్రుమంటే చాలా కార్లలో అది మామూలే.

చెవి పెట్టండి. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కితే చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసేది) పోయినట్టు. పెడల్ వదిలితే వచ్చి, తొక్కితే ఆగితే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. ఒక్క 2వ గేరుకే గర్రుమంటే ఆ గేరు సింక్రో రింగ్ (గేరు మెత్తగా పడేలా చేసే రింగు) అరిగి ఉంటుంది. మలుపులో టకటక వస్తే చక్రానికి వెళ్లే షాఫ్ట్ జాయింట్, దాన్ని గేర్‌బాక్స్ ఖాతాలో వేయనివ్వకండి.

వరద నీళ్లలో దిగిన కారు. 2022 జులై లాంటి వరదలో, కాజ్‌వే (వరదొస్తే నీళ్లు పైనుంచి పారే లోవంతెన) మీద నీళ్లలో నడిపిన కారైతే ఇది తప్పనిసరి. వేడెక్కిన గేర్‌బాక్స్ చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, గాలి గొట్టంలోంచి నీటిని లాక్కుంటుంది. గేర్ ఆయిల్ కొంచెం తీయించి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే మొత్తం మార్పించాలి, అలాగే నడిపితే బేరింగులు పోతాయి. రోజుల తరబడి నీళ్లలో నిలబడిన కారులో క్లచ్ ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కి (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రానికి) అతుక్కుపోవచ్చు. పెడల్ తొక్కినా గేరు పడకపోతే బలవంతం చేయకండి, మెకానిక్‌కి నీళ్ల సంగతి ముందే చెప్పండి.

చివరికి గేర్‌బాక్స్ దింపక తప్పకపోతే క్లచ్ ప్లేట్, దాన్ని ఫ్లైవీల్‌కి అదిమిపెట్టే ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్పించండి. ఫ్లైవీల్ నునుపు, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ దగ్గరుండి చూడండి. ఆ సీల్ కారుతుంటే కొత్త ప్లేట్ కూడా ఆయిల్ తాగి మళ్లీ జారుతుంది.