రెండో వైఫై రౌటర్ పెట్టాక నెట్ రావట్లేదా? ఇలా సరిచేయండి

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో కింద కౌంటరు, పైన అకౌంట్స్ ఉన్న ఆఫీసును తీసుకోండి. నెట్ తెచ్చే ఫైబర్ బాక్సు కింద ఉంటుంది, మొదటి రౌటర్ అదే. కాంక్రీటు స్లాబు దాటి సిగ్నల్ అందదు కాబట్టి పైన ఇంకో రౌటర్ పెడతారు. తీరా పెట్టాక వైఫై గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోదు. లేదా నెట్ వస్తుంది గానీ కింది ప్రింటర్ కనబడదు. రెండు రౌటర్లూ ఎవరికి వారు ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు) పంచుతుండటమే చాలాసార్లు దీనికి కారణం. పంచే పని కింది బాక్సుకే వదిలేయాలి.

సెట్టింగుల జోలికి వెళ్లకముందే కేబుల్ చూడండి. పైకి వచ్చిన వైరును రౌటర్ నుంచి తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టి, వైఫై ఆపేయండి. నెట్ రాకపోతే తప్పు వైరుదో, కింది పోర్టుదో. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రావాల్సిన చోట లింక్ స్పీడు 100 ఎంబీపీఎస్ చూపిస్తుంటే ఎనిమిది తీగల్లో ఏదో సరిగా తగలడం లేదు. కనెక్టర్ కోసి, కొత్తది పెట్టి మళ్లీ క్రింప్ చేయండి, అంటే క్రింపింగ్ టూల్‌తో నొక్కి బిగించండి. క్లిప్ కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండో కొన కూడా ఇదే వరుసలో ఉండాలి. పై తొడుగు కనెక్టర్ లోపలిదాకా వెళ్లి బిగుసుకోవాలి, లేకపోతే నాలుగుసార్లు లాగేసరికి ఊడొస్తుంది.

ఇప్పుడు కింది నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) కొట్టండి. డీఫాల్ట్ గేట్‌వే, అంటే కింది బాక్సు అడ్రస్, 192.168.1.1 అనుకుందాం. పై రౌటర్‌కు కేబుల్ తగిలించకుండా, రీసెట్ బటన్ సుమారు 10 సెకన్లు నొక్కి పట్టండి. ల్యాప్‌టాప్‌ను దాని ల్యాన్ పోర్టుకు పెట్టి, అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్‌ను బ్రౌజర్లో కొట్టి లాగిన్ అవ్వండి. ముందు ల్యాన్ ఐపీని, అంటే ఈ రౌటర్ సొంత అడ్రస్‌ను, 192.168.1.2గా మార్చండి. కింది బాక్సు పంచే వరుసలో ఆ నంబరు ఉంటే, అక్కడ వరుసను 192.168.1.20 నుంచి మొదలయ్యేలా మార్చాలి. కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయ్యి, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపేయండి. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ (రౌటర్ వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకోవడమే మేలు, ఈ పని చాలావరకు అదే చేసుకుంటుంది.

మోడ్ లేని రౌటర్లో కింది నుంచి వచ్చిన వైరును ల్యాన్ పోర్టుకే పెట్టండి, వ్యాన్ (బయటి నెట్ కోసం ఉండే) పోర్టుకు కాదు. వ్యాన్‌కు పెడితే పైన వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. ప్రింటర్ కనబడకపోవడానికి అదే కారణం. రెండు బాక్సుల మధ్య ఒక్క వైరే ఉండాలి. రెండోది తగిలిస్తే లూప్ ఏర్పడి ఆఫీసంతా నెట్ కూలిపోవచ్చు.

ఇంకా రాకపోతే పైన ఉన్న ల్యాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి వరుసగా పింగ్ చేయండి, అంటే ‘ping’ తర్వాత అడ్రస్ కొట్టి జవాబు వస్తుందో చూడండి: 192.168.1.2 (పై రౌటర్), 192.168.1.1 (కింది బాక్సు), 8.8.8.8 (బయట ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్). మొదటిది పలికి రెండోది పలకకపోతే వైరు చూడాలి. మూడూ పలికినా పేజీ రాకపోతే డీఎన్ఎస్ (సైట్ పేరును అడ్రస్‌గా మార్చేది) సెట్టింగ్ చూడాలి. ల్యాప్‌టాప్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే కింది బాక్సు పంచే అడ్రస్ పైదాకా చేరలేదు.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండింట్లో ఒకటే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద ఛానల్ 1 అయితే పైన 6 లేదా 11 పెట్టండి. ఇక్కడి ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి, పై రౌటర్‌ను మూసిన చెక్క అల్మారాలో కాకుండా గోడకు గాలి తగిలేలా బిగించండి.