సముద్రం అడుగు చదవడం – 3వ పాఠం: చుక్క, చుట్ట

పోయిన పాఠంలో కొలత పట్టడం నేర్చుకున్నాం. సముద్రం అడుగుకి దింపే కెమెరా పక్కన రెండు లేజర్లు ఉంటాయి. వాటి బొట్ల మధ్య దూరం, మామూలుగా 10 సెంటీమీటర్లు, మన స్కేలు. ఇవాళ అడుగు మీద జీవులు వదిలే గుర్తుల ఆకారాలు.

ముందు ఒక తప్పు ఒప్పేసుకుంటాను. కళింగపట్నంలో తీసిన పీత బొరియ ఫొటోని సెల్‌లో తలకిందులుగా చూసి "చిన్న దిబ్బ" అని నోటుబుక్కులో రాసేశాను. వెలుగు పైనుంచే వస్తుందని మన కన్ను అనుకుంటుంది, అందుకే గుంట దిబ్బలా కనబడుతుంది. లోతు సముద్రంలో సూర్యుడి వెలుగు లేదు, ఉన్నది యంత్రం మీది దీపమే. కాబట్టి ఏ ఫొటో అయినా ముందు ఒక రాయిని వెతకండి, దాని నీడ ఎటు పడిందో చూడండి. దీపం వైపు అంచు చీకటిగా ఉంటే అది గుంట, అవతలి వైపు చీకటిగా ఉంటే దిబ్బ. ఇది చూడకుండా పేరు పెట్టొద్దు.

ఇక చుక్క, అంటే మధ్యలోంచి చుట్టూ గీతలు విరిసిన నక్షత్రం ఆకారం. దీనికి పాఠశాల మన ఒడ్డునే ఉంది. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, వంశధార కలిసే చోటికి కాస్త ఎడంగా, తడి ఇసుక మీద వంగి కూర్చోండి. సెనగ గింజంత బొరియ, దాని చుట్టూ ఆవగింజల నుంచి మినుముల దాకా ఇసుక గుళికలు, బొరియ నుంచి బయటికి వరసలు వరసలుగా. గుళికల పీత ఇసుకని నోట్లో వేసుకుని, అంటిన తిండి తీసుకుని, మిగిలింది ఉండచేసి పారేస్తుంది. అది పెంట కాదు, తిని ఉమ్మిన ఇసుక. రెండు వరసల మధ్య సన్నని దారి ఖాళీగా వదిలి ఉంటుంది, గమనించారా? భయమేస్తే ఇంట్లోకి పరుగెత్తే బాట అది. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒకాయన నాతో అన్నాడు: "పోటొస్తే అది తలుపేసీసుకుంటాది బాబూ." నిజమే, నీళ్లొచ్చే వేళకి ఇసుకతో బొరియ మూసేస్తుంది.

వేల మీటర్ల లోతులోనూ ఇలాంటి చుక్కే కనబడుతుంది, మీటరు దాటినవీ ఉన్నాయి. అక్కడ పని స్పూన్ వార్మ్ అనే పురుగుది. ఇది బొరియలోంచి బయటికి రాదు. నాలుకలాంటి పొడవాటి తొండాన్ని చాపి, పై బురదని నాకి, వెనక్కి లాక్కుంటుంది. కొంచెం తిరిగి మళ్లీ చాపుతుంది. అలా ఒక్కో గీతా పడి చుక్క తయారవుతుంది. గీత పొడవు చూస్తే తొండం ఎంత దూరం అందుతుందో తెలిసిపోతుంది. గుళికల వరసలు లేవంటే అది పీత పని కాదు.

చుట్ట మరో కథ. ఎకార్న్ వార్మ్ అనే ఇంకో పురుగు బురద మీద పాకుతూ తింటుంది, వెనక జంతికలాంటి పెంట తీగ వదులుతుంది. ఆ తీగ ఒక్కోసారి చుట్టగా, ఒక్కోసారి నాగలి చాలు మలుపుల్లా పక్కపక్కనే వెళ్తుంది. ఎందుకిలా? తిన్న చోటే మళ్లీ తింటే దండగ. పైనుంచి రాలే తిండి అక్కడికి చేరేసరికి పిసరంతే, ఏ రైతూ దున్నిన చాలునే మళ్లీ దున్నడు కదా. చుట్ట ఉన్నట్టుండి ఆగిపోతే వెతుక్కోవద్దు. ఈ పురుగుల్లో కొన్ని కడుపు ఖాళీ చేసుకుని నీళ్లలోకి తేలి, ఇంకో చోట దిగుతాయి.

ఇప్పుడు అసలు మెలిక. మన ఒడ్డున పోటు రోజుకి రెండుసార్లు పలక తుడుస్తుంది, కనబడే గీతలన్నీ ఈ పాటులోవే. లోతులో ఆ తుడుపు లేదు. పెరూ తీరానికి దూరంగా, పసిఫిక్‌లో 4,000 మీటర్ల పైచిలుకు లోతులో 1989లో పరిశోధకులు నాగలిలాంటి పరికరంతో అడుగుని గీశారు. 2015లో వెళ్లి చూస్తే ఆ చాళ్లు ఇంకా ఉన్నాయి! కాబట్టి ఒకే ఫొటోలో పక్కపక్కన ఉన్న చుక్క, చుట్ట ఒకే రోజువని అనుకోకండి. ఏ గీత ఏ గీతని తొక్కిందో చూడండి: తొక్కింది కొత్తది. అంచు పదునుగా ఉంటే కొత్తది, మెత్తగా కూలిపోతే పాతది.

ఈ వారం అభ్యాసం. ఒడ్డున ఒక జానెడు చదరం గీసుకుని, అందులోని గీతల్ని వయసు వరసలో గీయండి. ఏ జీవిదో రాయొద్దు, ఆకారమే రాయండి. ఎందుకంటే పేరు తొందరపడేవాళ్లని ఇరకాటంలో పెట్టే ముగ్గు ఒకటి ఉంది. 1976లో పీటర్ రోనా అనే సముద్ర శాస్త్రవేత్త అట్లాంటిక్ మధ్యలో సుమారు 3,500 మీటర్ల లోతున తేనెపట్టు అమరికలో చిన్న చిన్న రంధ్రాలు చూశాడు. తర్వాత తవ్వి చూసినా చేసిన ప్రాణి దొరకలేదు. దాన్ని మాటల్లో ఎలా వర్ణించాలన్నది 4వ పాఠం. ఈలోగా మీ చదరం బొమ్మ దగ్గర ఉంచుకోండి.