పుట్టిన తేదీతో మాయాచదరం

లెక్కలంటే ప్రాణమిచ్చేవాళ్ల ఇంట్లో పై (π) విలువ అచ్చేసిన కాఫీ కప్పు ఈపాటికే ఒకటి ఉండే ఉంటుంది. దాని బదులు వాళ్ల పుట్టినతేదీతో మాయాచదరం, అంటే ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే అంకెల గళ్లు, కట్టి ఇవ్వండి. దళసరి కాగితం, స్కేలు, నల్ల ఇంకు పెన్ను ఉంటే చాలు.

దీనికి నమూనా రామానుజన్ పుట్టినరోజు చదరం. ఆయన పుట్టింది 22-12-1887న, ఈరోడ్‌లో.

22  12  18  87
88  17  9  25
10  24  89  16
19  86  23  11

అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎటు కూడినా 139. నాలుగు మూలల గళ్లు కూడినా, నడిమి నాలుగు కూడినా అంతే.

తేదీని త, నెలను న, సంవత్సరంలో మొదటి రెండంకెలను మ, చివరి రెండంకెలను చ అనుకోండి:

త  న  మ  చ
చ+1  మ−1  న−3  త+3
న−2  త+2  చ+2  మ−2
మ+1  చ−1  త+1  న−1

ఏ వరుసలో చూసినా నాలుగక్షరాలూ ఒక్కోసారే వస్తాయి, కూడికలూ తీసివేతలూ చెల్లుకు చెల్లు. కిటుకంతా ఇదే.

చిక్కు ఎక్కడంటే, జనవరిలో పుట్టినవాళ్లకు న−3 గడిలో −2 వస్తుంది. 15-8-1998కి మ−1, త+3 రెండూ 18 అవుతాయి. మొత్తం మారదు గానీ, ఒకే అంకె రెండుసార్లు పడితే లెక్కల మనిషి కన్ను ముందు అక్కడికే పోతుంది. అప్పుడు ప్లస్‌లన్నీ మైనస్‌లుగా, మైనస్‌లన్నీ ప్లస్‌లుగా తిప్పేయండి:

15  8  19  98
97  20  11  12
10  13  96  21
18  99  14  9

మొత్తం 140, ఏదీ రెండోసారి రాలేదు. 1900ల్లో 18, 20 తేదీల్లో పుట్టినవాళ్లకు తిప్పినా కుదరదు. 1, 2, 3 బదులు 2, 4, 6 వాడి చూడండి. 19వ తేదీ అయితే పై వరుసలోనే రెండు 19లు, దానికి మందు లేదు. 2000 తర్వాత పుట్టినవాళ్లకు సంవత్సరం అంకె చిన్నది కాబట్టి నెలతోనో తేదీతోనో ఢీకొనొచ్చు, పదహారు గళ్లూ సరిచూసుకోండి.

ఎ4 కాగితం మీద 4 సెంటీమీటర్ల గళ్లు గీస్తే చదరం 16 సెంటీమీటర్లు వస్తుంది, చుట్టూ అంచు మిగులుతుంది. ముందు పెన్సిల్‌తో రాసి, అన్ని వైపులా కూడి చూశాకే ఇంకు పెట్టండి. మొత్తం ఎంతో ఎక్కడా రాయకండి. కుడివైపు కింది మూల గడి ఖాళీగా వదిలి అద్దం ఫ్రేము కట్టించి, వైట్‌బోర్డు మార్కర్ ఒకటి జతచేసి ఇవ్వండి, ఆ గడిని వాళ్లే అద్దం మీద నింపుకుంటారు.