చలికాలంలో గుడ్డ డైపర్లు: పాపకి ఒరుపు ఎలా తగ్గిందంటే

చలి ముదిరేసరికి మా పాపకి తొడల మడతల్లో ఎర్రగా కందిపోవడం మొదలైంది. క్రీము రాస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. అసలు సంగతి ఆరేసిన డైపర్లలో ఉంది. పైకి పొడిగానే ఉన్నాయి కానీ, లోపలి ప్యాడ్‌ని కుట్టు దగ్గర గట్టిగా నొక్కితే వేళ్లకి చెమ్మ తగిలింది. చలికి గుడ్డ ఎలాగూ చల్లగానే ఉంటుంది, తడి ఉందో లేదో ఒక పట్టాన తెలీదు. అందుకే ఇప్పుడు ప్యాడ్లు విడదీసి ఫ్యాన్ కింద ఆరేస్తున్నాను. మడతపెట్టే ముందు కాసేపు గదిలో ఉంచి, కుట్టు దగ్గర మళ్లీ నొక్కి చూస్తాను.

రెండోది సబ్బు. బాగా చల్లటి నీళ్లలో పౌడర్ సరిగ్గా కరగదు, గుడ్డలోనే మిగిలిపోతుంది. వేడినీళ్లలో ఉతికి, నురగ పోయేదాకా జాడిస్తున్నాను. మెత్తదనానికని ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయమంటారు గానీ, దానివల్ల గుడ్డ తడిని పీల్చుకోవడం తగ్గుతుంది.

చర్మానికి తగిలే వైపు ఫ్లీస్ లైనర్ (పాలిస్టర్‌తో చేసిన మెత్తటి గుడ్డ పొర) వేస్తే తడి కిందికి దిగిపోతుంది. ఒరుపుకి రాసే జింక్ ఆక్సైడ్ క్రీము జిడ్డు కూడా ప్యాడ్‌కి పట్టదు. రాత్రికి డైపర్ పైన వేసే ఉన్ని కవర్ మేలు, గాలి ఆడుతుంది.

చలేస్తుందని మార్చడం మాత్రం వాయిదా వేయను. కాళ్లకి మేజోళ్లు ఉంచి, గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదిలేస్తాను. ఒంటికి రాసే పౌడర్ జోలికి పోను, పసిపిల్లలు పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఎరుపు చుట్టూ చిన్న చిన్న పొక్కులు వచ్చినా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా అది ఫంగస్ కావచ్చు. డాక్టర్‌కి చూపించాల్సిందే.