సీ ప్రోగ్రామ్ రిలీజ్‌కు ముందు: ఎర్రర్ కోడ్‌ల విషయంలో జాగ్రత్తలు

ఫైల్‌లో రాసే ప్రోగ్రామ్ అయితే అన్నిటికంటే ముందు ఫైల్‌ను మూసే ఎఫ్‌క్లోజ్ రిటర్న్ విలువ చూడండి. ఎఫ్‌ప్రింటెఫ్‌తో రాసింది డిస్క్‌కు చేరకుండా బఫర్‌లో (మెమరీలోని తాత్కాలిక నిల్వలో) ఆగి ఉండొచ్చు. డిస్క్ నిండిందన్న సంగతి చాలాసార్లు మూసేటప్పుడే బయటపడుతుంది. పట్టించుకోకపోతే సగం ఫైలే మిగులుతుంది, ప్రోగ్రామ్ మాత్రం సఫలమైనట్టు 0తో ముగుస్తుంది. పాత ఫైల్ మీద నేరుగా రాస్తే అదీ పోతుంది. వేరే పేరుతో రాసి, మూయడం సఫలమయ్యాకే రీనేమ్ చేయండి.

కాల్ విఫలమైన మరుక్షణం ఎర్‌నోను (ఎర్రర్ కోడ్ ఉండే errnoను) లోకల్ వేరియబుల్‌లో దాచండి. మధ్యలో లాగ్ కోసం పిలిచిన ఒక్క ప్రింటెఫ్ కూడా దాన్ని మార్చేయగలదు.

ఎర్‌నో సున్నా కానంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు, ముందు రిటర్న్ విలువే చూడాలి. స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే ఎస్‌టీఆర్‌టోల్ (strtol) దగ్గర మాత్రం పిలిచే ముందే ఎర్‌నోను 0 చేయండి. అది ఇచ్చే గరిష్ఠ విలువ సరైన జవాబూ కావచ్చు, ఓవర్‌ఫ్లో (సంఖ్య పరిమితి దాటడం) అయినా కావచ్చు.

థ్రెడ్ల కోసం వాడే పీథ్రెడ్ (pthread) ఫంక్షన్లు ఎర్రర్ కోడ్‌ను నేరుగా రిటర్న్ చేస్తాయి. -1తో పోల్చే కోడ్‌కు ఆ తప్పు ఎప్పటికీ దొరకదు.

రైట్ (write) ఫంక్షన్ అడిగినదానికంటే తక్కువ బైట్లు రాయొచ్చు. మిగిలినవి లూప్‌లో రాయండి.

సిగ్నల్ వల్ల కాల్ మధ్యలో ఆగిందని చెప్పే ఈఇంటర్ (EINTR) కోడ్ వస్తే రీడ్, రైట్ మళ్లీ పిలవండి. లినక్స్‌లో క్లోజ్‌ను మాత్రం వద్దు: ఆ ఫైల్ డిస్క్రిప్టర్ నంబర్ అప్పటికే ఇంకో థ్రెడ్ తెరిచిన ఫైల్‌ది కావచ్చు.