పసిబిడ్డ కారు సీటు బిగించే ముందు

కారుతో వచ్చిన పుస్తకం, సీటుతో వచ్చిన పుస్తకం రెండూ చదవండి. ఐసోఫిక్స్ కొక్కేలు (బెల్టు లేకుండా సీటును నేరుగా కారుకు బిగించే లోహపు కొక్కేలు) ఎక్కడున్నాయో అందులోనే తెలుస్తుంది.

• స్థానం వెనుక సీటే. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదుట వెనక్కి తిరిగిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు. అది విచ్చుకుంటే దెబ్బ బిడ్డ తలకే.

• బిడ్డ ముఖం కారు వెనుక వైపు ఉండాలి. పసివాళ్లకు తల బరువు, మెడ బలహీనం. యూరప్ ఆర్129 ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలలు ఇలాగే కూర్చోబెట్టాలి. ఇంకా ఎక్కువ కాలమైతే మరీ మంచిది. కాళ్లు ముడుచుకుపోతున్నాయని ఇంట్లో పెద్దలు జాలిపడతారు. పడనివ్వండి, సీటు మాత్రం తిప్పకండి.

• బెల్టుతో బిగిస్తే, సీటును గట్టిగా అదిమి పట్టి బెల్టు లాగండి. బెల్టు దూరే చోట పట్టుకుని కదపండి. సుమారు 2.5 సెంటీమీటర్లకు మించి జరిగితే మళ్లీ మొదటి నుంచి. తల వైపు భాగం కాస్త ఊగినా కంగారు వద్దు.

• ఐసోఫిక్స్ అయితే రెండు వైపులా క్లిక్‌మనాలి.

• వాలు సరిచూడండి. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి కష్టమవుతుంది.

• పట్టీలు భుజాల ఎత్తునగానీ కాస్త కిందగానీ మొదలవ్వాలి. వేళ్లతో గిల్లితే మడత పడకూడదు. మందపాటి స్వెట్టరు తీసేసి, పట్టీల మీద దుప్పటి కప్పండి.

• ప్రమాదంలో దెబ్బతిన్న సీటు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

• ఎండలో నిలిపిన కారులో బకిల్ కాలుతుంది, ముట్టుకుని చూడండి.